పిట్ట తొంగుందా?

స్త్రీల రచనల్లో పంజరం చాలా పాత వస్తువు. 1792లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల గురించి రాస్తూ తన కాలపు ఆడవాళ్ళని పంజరంలో పక్షులతో పోల్చింది. 1983లో మారిలిన్ ఫ్రై అణచివేత అంటే ఏమిటో వివరించడానికి మళ్ళీ ఆ పంజరం దగ్గరికే వచ్చింది. ఒక్కొక్క ఊచనీ విడిగా, దగ్గరగా చూస్తే పక్షి దాన్ని తప్పుకుని ఎందుకు ఎగిరిపోదో మనకి అర్థం కాదు. నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తేనే ఊచలన్నీ ఒకదానికొకటి ఎలా తోడుగా నిలబడ్డాయో తెలుస్తుంది అని ఆమె వాదన. మన దగ్గర అబ్బూరి ఛాయాదేవి పంజరానికి బదులు కుండీ తీసుకుని 'బోన్సాయ్ బ్రతుకు' రాశారు. ఈ మూడింటినీ నేను ఏళ్ళ తరబడి తరగతి గదిలో చెప్పాను. మీలో కూడా చాలామంది చెప్పే ఉంటారు.

ఈ పోలికలో ఒక సౌకర్యం ఉంది. అందులో పక్షి నిజంగా పక్షి కాదు, మనమే. కాబట్టి దానికి ఏం ఇష్టం, ఎప్పుడు నిద్రొస్తుంది, దేనికి భయపడుతుంది అని అడగాల్సిన పనిలేదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. తలుపు మూసే చెయ్యి ఎప్పుడూ ఇంకెవరిదో. తండ్రిది, భర్తది, హాస్టల్ వార్డెన్‌ది, రాజ్యానిది. పంజరంలో నిజంగానే ఒక పక్షి ఉండి, రాత్రి ఎనిమిదిన్నరకి దాని తలుపు వేసే చెయ్యి నాదే అయినప్పుడు, ఆ పోలిక నాకేం చెబుతుంది? బంధించి ఉంచిన ప్రాణికి ఆ బంధనంలోనే నిశ్చింతగా నిద్రపోవడం నేర్పడం దయా, లేక మొదటి తాళం మీద వేసే రెండో తాళమా? గత కొన్ని నెలలుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

ముందు ఆ పక్షి సంగతి. మా ఎదురు ఫ్లాటు అమ్మాయి, భర్తకి బొకారో బదిలీ అయితే, అంత దూరం రైల్లో తీసుకెళ్ళలేనని గాజువాకలోని మా ఇంట్లో దాన్ని వదిలి వెళ్ళింది. బడ్జీ. మన పెంపుడు పక్షుల దుకాణాల్లో లవ్‌బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు ఇవే. వచ్చినప్పటికి రెండు నెలల పిల్ల. నుదుటి మీది సన్నటి నల్ల చారలు ముక్కు దాకా ఉన్నాయి. అంత చిన్నప్పుడు ఆడో మగో తేల్చడం కష్టం. అయినా ఇంటికొచ్చిన వాళ్ళంతా దాన్ని ఆడపిల్లనే చేశారు. చెప్పిన మాట వింటే 'బంగారు తల్లి', కరిస్తే మాత్రం 'రౌడీ వెధవ'. వినయానికి ఒక లింగం, మొండితనానికి ఇంకో లింగం. రెండు వేళ్ళంత లేని పిట్టకి కూడా మన వ్యాకరణం తప్పలేదు.

పగలంతా పంజరం తలుపు తీసే ఉంటుంది. ముందుగదిలో తిరుగుతుంది, పుస్తకాల అంచులు కొరుకుతుంది. గొడవంతా సాయంత్రం. దీపాలు పెట్టే వేళకి కర్టెన్ రాడ్ మీదికి ఎక్కి కూర్చునేది. పిలిస్తే దిగదు. చెయ్యి చాపితే ఇంకో చివరికి జరుగుతుంది. పట్టుకుని లోపల పెడితే తలుపు దగ్గర ఊచలు కొరుకుతూ, కిందికీ మీదికీ పాకుతూ అరగంట గొడవ. దీపం ఆర్పేశాక చీకట్లో రెక్కలు కొట్టుకుని ఊచలకి తగలడం. ఈ జాతుల పక్షులు చీకట్లో చిన్న శబ్దానికి ఉలిక్కిపడితే కొమ్మ ఎక్కడుందో కనపడక అలాగే కొట్టుకుంటాయి. మా వెనక నుంచి ఓడరేవుకి పోయే గూడ్సు బళ్ళకి రాత్రీ పగలూ తేడా ఉండదు.

ఎవరైనా వెంటనే అనే మాట ఏమిటంటే, చీకటి పడితే పక్షులు గూటికి చేరతాయి కదా, ఇదేమిటి చేరదు అని. ఈ మాట మన భాషలో ఎంతగా ఇంకిపోయిందంటే దాన్ని ఎవరమూ పరీక్షించి చూడం. ఆడపిల్లలకి కూడా అదే ఉపమానం వాడతాం. పొద్దుపోయేసరికి గూటికి చేరాలి. నిజానికి చాలా పక్షులకి గూడు ఇల్లు కాదు. అది గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచే రోజుల్లో కట్టుకునే చోటు. ఆ పని అయిపోయాక గూడు వదిలేస్తాయి. రోజూ రాత్రి పడుకునేది కొమ్మల మీద, ఎక్కువగా గుంపుగా. బడ్జీలు ఆస్ట్రేలియా మెట్ట ప్రాంతాల్లో నీరు, గింజలు వెతుక్కుంటూ గుంపులు గుంపులుగా తిరిగే సంచార పక్షులు. వాటికి చెట్టు తొర్ర కూడా గుడ్లు పెట్టే కాలానికే. ప్రకృతి నుంచి తెచ్చుకున్నామని మనం అనుకునే పాఠం చాలాసార్లు మన ఇంట్లో తయారై, ప్రకృతి మీద అంటించినదే అవుతుంది.

అలా చూస్తే కర్టెన్ రాడ్ మీది పిట్ట మొండితనం చెయ్యడం లేదు. పొద్దుగూకేటప్పుడు తన జాతి చేసే పనే చేస్తోంది. ఎత్తుగా ఉండే కొమ్మ వెతుక్కుంటోంది, గుంపు ఎక్కడుందో చూసుకుంటోంది. దాని లెక్కలో ఆ గుంపు మేమిద్దరమే. మా ఇద్దరినీ వదిలి, కిందగా ఉన్న ఇనప పెట్టెలోకి, చీకట్లోకి ఒక్కదాన్నీ వెళ్ళమంటున్నాం.

గడియారం కూడా మాదే. డిసెంబరులో విశాఖపట్నంలో అయిదున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు. పక్షికి రాత్రి అప్పుడే మొదలవుతుంది. దానికి పది పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. మన ఇళ్ళలో మాత్రం ట్యూబులైట్లు, టీవీ, వంట, ఫోన్లు పదిన్నర దాకా నడుస్తాయి. అంటే 'నిద్రవేళ' అని మనం పిట్ట మీద పెట్టేది పిట్ట నిద్రవేళ కాదు, మనం ఇల్లు సర్దుకునే వేళ. 'ఇంకా పడుకోలేదా' అని విసుక్కునేది దాని ఆరోగ్యం కోసమా, మన విశ్రాంతి కోసమా? పసిపిల్లల్ని నిద్రపుచ్చిన ఆడవాళ్ళందరికీ ఈ ప్రశ్న తెలుసు.

ఈ ఊళ్ళో నిద్ర ఎవరిది, దానికి కాపలా ఎవరిది అనేది మామూలు ప్రశ్న కాదు. ఇది షిఫ్టుల ఊరు. ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్‌ని ఇష్టం వచ్చినప్పుడు ఆర్పి వెలిగించడం కుదరదు, లోపలి లోహం గడ్డకడుతుంది. అందుకే ఆరు, రెండు, పది అని మూడు షిఫ్టులు. నిద్రపోవడానికి వీల్లేని ఆ మూడు కొలుములకి పెట్టిన పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. రాత్రి పదికి సి షిఫ్టుకి వెళ్ళిన మగవాడు పొద్దున్న వచ్చి పడుకుంటే, ఆ పగటి నిద్రని కాపాడింది ఇంట్లో ఆడవాళ్ళే. కిటికీకి దుప్పటి కట్టడం, కుక్కర్ కూత రాకముందే దించడం, పిల్లల్ని పక్కింటికి తోలడం, కూరలబ్బాయిని గేటు దగ్గరే ఆపడం. మా ఇంట్లో ఇలా ముప్ఫై ఏళ్ళు జరిగింది. ఉత్పత్తి లెక్కల్లో టన్నులు రాస్తారు, ఆ టన్నుల వెనక నిద్రకి కాపలా కాసిన గంటల్ని ఎవరూ రాయరు. ఒకరిని నిద్రపుచ్చడం, ఆ నిద్ర చెడకుండా చూడడం కూడా శ్రమే. ఇంట్లోకి ఒక పిట్ట వస్తే ఆ శ్రమ ఎవరి చేతికి వస్తుందో చెప్పక్కర్లేదు.

కాబట్టి ఆ పని నేనే చేశాను, నాకు చేతనైన పద్ధతిలో. పట్టుకుని లోపల పెట్టడం మొదటి వారంలోనే మానేశాం. పంజరాన్ని నేల మీంచి తీసి, మా తలలకంటే ఎత్తుగా ఉండేలా గోడ మూలకి బీరువా పక్కన పెట్టించాం. లోపల పైభాగంలో వేప కొమ్మ ఒకటి అడ్డంగా కట్టాం. ఏడున్నరకి పెద్ద లైట్లు తీసేసి ఒక చిన్న దీపం, ఎనిమిదింటికి అది కూడా తీసేసి జీరో బల్బు. స్విచ్చి నొక్కగానే పడే చీకటి కాకుండా నెమ్మదిగా దిగే సాయంత్రం. రోజంతా పెట్టని కొర్ర కంకి ఆ వేళకి మాత్రం పైకొమ్మ దగ్గర కట్టేవాళ్ళం. పంజరానికి మూడు వైపులా పాత నేత చీర, మేము కూర్చునే వైపు మాత్రం తెరిచి ఉంటుంది. పక్కనే కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడుకోవడం. దాదాపు మూడు వారాలు పట్టింది. తర్వాత ఒక రోజు ఎనిమిదిన్నరకి కర్టెన్ రాడ్ మీంచి దానంతటదే దిగి లోపలికి వెళ్ళింది. కాసేపు ముక్కు గీకుతున్న చప్పుడు చేసి, ఒక కాలు ఈకల్లోకి ముడుచుకుంది.

మా ఇంట్లో పనిచేసే ఆమెది గంగవరం వైపు. కొన్నాళ్ళు సాయంత్రం కూడా వచ్చేది. వచ్చీ రాగానే అడిగేది, "ఏటమ్మా, పిట్ట తొంగుందా?" అని. అది దానంతటదే లోపలికి వెళ్ళడం చూసిన రోజు నవ్వింది. "ఎంత బుద్ధిమంతురాలమ్మా. మా గుంటకీ ఇలాగే అలవాటు సేసినాను, సీకటడితే ఇంట్లో ఉండాలని. ఇప్పుడది రొయ్యిల కంపినీలో నైట్ డూటీ సేస్తంది. అదొచ్చీవరకు నాను తలుపు తీసుకుని కూకుంతాను." ఆమె ఒక్క గుక్కలో చెప్పిన ఆ నాలుగు మాటల్లో ఈ వ్యాసం మొత్తం ఉందనిపిస్తుంది నాకు.

ముందు 'బుద్ధిమంతురాలు' అనే మాట తీసుకుందాం. తలుపు తీసి ఉంది. ఎవరూ తరమలేదు. అది తనంతట తను లోపలికి వెళ్ళింది. ఇది సమ్మతేనా? పైకి చూస్తే అంతే. కానీ ఆ సమ్మతికి ముందు జరిగినవి చూడండి. బయట ఆకాశం లేదు, కిటికీలకి మెష్ ఉంది. గుంపు లేదు, ఇద్దరు మనుషులున్నారు. కొర్ర కంకి ఒక్క చోటే ఉంది. ఇన్ని దారులు మూసుకున్నాక మిగిలిన ఒక్క దారిలో నడిచినవాళ్ళని 'ఇష్టపడి వెళ్ళారు' అనడం ఎంతవరకు సబబు? అందనివాటిని కోరుకోవడం మానేసి, అందినదాన్నే ఇష్టంగా మార్చుకునే మనసు గురించి జాన్ ఎల్‌స్టర్ 1983లో రాశాడు. అమర్త్య సేన్, మార్తా నుస్బామ్ ఆ ఆలోచనని పేదల వైపు, స్త్రీల వైపు తిప్పారు. బాగానే ఉన్నానని ఆమె చెప్పడం ఒక్కటే ఆమె బాగుకి కొలత కాదు అన్నారు. అదే సమయంలో, ఆమె చెప్పేదాన్ని కొట్టిపారేసి ఆమె బాగు మనకే తెలుసనడం ఇంకో రకం పెత్తనం అన్న విమర్శ కూడా స్త్రీవాదుల నుంచే వచ్చింది. నేను ఈ రెంటి మధ్యే నిలబడతాను. పిట్ట హాయిగా నిద్రపోతోందన్నది నిజం. ఆ హాయి పంజరానికి యోగ్యతాపత్రం కాదన్నదీ నిజమే.

రెండో మాట రక్షణ. పంజరం ఎందుకంటే నా దగ్గర గట్టి కారణాలే ఉన్నాయి. ఉక్కపోత ఊరు, రాత్రంతా సీలింగ్ ఫ్యాను తిరగాల్సిందే, చీకట్లో ఉలిక్కిపడి ఎగిరిన పక్షి దాని రెక్కలకి తగిలితే బతకదు. వంటింట్లో నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకి దగ్గు తెప్పిస్తే పక్షిని చంపేస్తుంది. పక్షుల ఊపిరితిత్తులు గాలిని అంత బాగా పీల్చుకుంటాయి. అందుకే బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 దాకా కేనరీ పక్షుల్ని పంజరంలో పెట్టి లోపలికి తీసుకెళ్ళేవారు, మనిషికంటే ముందు విషవాయువు వాటికి తెలుస్తుందని. పిల్లులు సరేసరి. ఇవన్నీ నిజమైన ప్రమాదాలే. అయితే వీటిలో ఫ్యాను ఎవరిది? పెనం ఎవరిది? గది ఎవరిది? ప్రమాదమూ మాదే, ప్రమాదం నుంచి కాపాడే పంజరమూ మాదే. అప్పుడు ఆ రక్షణ నేను చేసే ఉపకారం కాదు, నేను తీర్చాల్సిన బాకీ.

స్త్రీల విషయంలో ఈ తర్కం చట్టమై కూర్చుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షను, రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఆరు దాకా ఆడవాళ్ళు ఫ్యాక్టరీలో పనిచెయ్యడాన్ని నిషేధించింది. చీకటి వీధులు, బస్సులు లేకపోవడం, పై అధికారుల వేధింపులు, వీటిలో దేన్నీ ఆడవాళ్ళు తయారు చెయ్యలేదు. కానీ లోపల ఉండాల్సింది మాత్రం ఆడవాళ్ళే. 2000లో మద్రాసు హైకోర్టు, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ నిషేధం సమానత్వ హక్కుకి విరుద్ధమని కొట్టేశాయి. ఈ తీర్పుల గురించి చాలామందికి తెలుసు. అదే సెక్షనులోని చిన్న మినహాయింపు గురించి తక్కువమందికి తెలుసు. చేపలు ఎండబెట్టే, డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల్లో, ముడిసరుకు పాడైపోకుండా చూడడానికి అవసరమైతే, ఆడవాళ్ళని ఆ వేళల తర్వాత కూడా పనిలో ఉంచుకునే వెసులుబాటు ప్రభుత్వాలు ఇవ్వగలిగేవి. స్త్రీ మానం, ప్రాణం కోసం వేసిన తలుపు చేప కుళ్ళకుండా ఉండడానికి తెరుచుకునేది. తీరంలో ఉండే మనకి ఇది నవ్వొచ్చే విషయం కాదు. ఫిషింగ్ హార్బర్లో తెల్లవారకముందే గంపలతో నిలబడే ఆడవాళ్ళు, ఆస్పత్రుల్లో నర్సులు ఎన్నడూ ఆ 'రక్షణ' లెక్కలోకి రాలేదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్, భద్రతా షరతులతో, స్త్రీల సమ్మతితో రాత్రి పనికి అనుమతినిచ్చింది. నిషేధం పోవడం మంచిదే. ఆ 'సమ్మతి' అనే మాట దగ్గర మాత్రం నేను మళ్ళీ పిట్ట దగ్గరికి వస్తాను. రొయ్యల కంపెనీలో పనిచేసే ఆ అమ్మాయి సంతకం పెడుతుంది. పెట్టకపోతే మర్నాడు పని ఉంటుందా? ఉంటుందంటే అది సమ్మతి. ఉండదంటే అది కొర్ర కంకి ఒక్క చోటే కట్టడం. రాత్రి లోపల ఉండమనడం ఎలా ఒక పంజరమో, 'కాదు' అనే వీలు లేకుండా రాత్రి బయటికి రమ్మనడం కూడా అలాంటిదే. ఊచలు ఏ దిక్కున ఉన్నాయన్నదే తేడా.

2015వ సంవత్సరం ఢిల్లీలో ఒక తమాషా జరిగింది. మే నెలలో ఢిల్లీ హైకోర్టు, ఒక పక్షుల వ్యాపారి కేసులో, పక్షులకి ఆకాశంలో ఎగిరే హక్కు ఉందని, వ్యాపారం కోసం వాటిని పంజరాల్లో ఉంచే హక్కు మనుషులకి లేదని అన్నది. ఆగస్టులో అదే నగరంలో ఒక విశ్వవిద్యాలయం హాస్టల్ అమ్మాయిలకి రాత్రి ఆలస్యంగా వచ్చే అనుమతిని రద్దు చేస్తే, విద్యార్థినులు 'పింజ్రా తోడ్' అంటూ వీధికెక్కారు. పక్షికి ఆకాశం ఉందని కోర్టు చెప్పిన కొన్ని నెలలకే, పెద్ద చదువులు చదివే ఆడపిల్లలు తమకి సాయంత్రం కావాలని అడగాల్సి వచ్చింది. 'మీ మంచికే' అని ఆ అమ్మాయిలకి చెప్పిన మాటే నేను రోజూ నా పిట్టకి చెబుతున్నాను. కాబట్టి నేను ఏదో ఒక తేడా చూపించగలగాలి. చూపించలేకపోతే నా మాటా ఆ మాటా ఒకటే అవుతుంది.

లోపల ఉంటే క్షేమం అన్న నమ్మకం కూడా ఈ ఊళ్ళో మునుపటిలా నిలబడదు. 2020 మే 7న తెల్లవారుజామున, ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. కనీసం 12 మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రి పాలయ్యారు, కట్టేసి ఉన్న పశువులు పోయాయి. లాక్‌డౌన్ రోజులు. ఇంట్లో ఉండండి, అదే భద్రత అని దేశమంతా చెప్పుకుంటున్న రోజులు. ఆ రాత్రి తలుపులేసుకుని నిద్రపోతున్నవాళ్ళ దగ్గరికే ఆ గాలి వచ్చింది. బతకాలంటే తలుపు తీసుకుని పరుగెత్తాలి. గోడ అనేది దానంతటది రక్షణ కాదు. దాని అవతల ఎవరు ఏం వదులుతున్నారన్నదాన్ని బట్టి అది రక్షణో, ఉచ్చో అవుతుంది.

ఇన్ని చూశాక, రక్షణనీ నిర్బంధాన్నీ వేరు చెయ్యడానికి నాకు మూడు ప్రశ్నలు మిగిలాయి. తలుపు వెయ్యడానికి కారణమైన ప్రమాదాన్ని తగ్గించే పని ఎవరైనా చేస్తున్నారా, లేక తలుపు వెయ్యడంతోనే సరిపెట్టుకుంటున్నారా? లోపల ఉన్నవాళ్ళు 'వద్దు' అంటే ఆ మాటకి ఏమైనా విలువ ఉందా? లోపలి నిశ్శబ్దం వల్ల హాయిగా నిద్రపోయేది ఎవరు? ఈ ప్రశ్నలు హాస్టల్ గేటుని అడగండి, కంపెనీ సమ్మతి పత్రాన్ని అడగండి, అత్తవారిల్లుని అడగండి. నేను నా పంజరాన్ని అడుగుతున్నాను.

ఇక్కడే పిట్టకీ అమ్మాయికీ ఉన్న తేడా బయటపడుతుంది. పింజ్రా తోడ్ అమ్మాయిలకి తలుపు తీస్తే వాళ్ళకి నగరం ఉంది, స్నేహితులున్నారు, తమ రాత్రిని తామే చూసుకునే బుద్ధి ఉంది. వాళ్ళకి లేనిది తాళంచెవి మాత్రమే. నా పిట్టకి తలుపు తీస్తే గాజువాక కాకులున్నాయి. బడ్జీని 1840లో జాన్ గూల్డ్ ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకి తీసుకొచ్చాడు. ఇవాళ మన దుకాణాల్లో ఉన్నవి, తరతరాలుగా పంజరంలో పుట్టి పంజరంలోనే గుడ్లు పెట్టినవాటి పిల్లలు. దానికి ఇక్కడ గుంపు లేదు, ఏది తినాలో చెప్పే తల్లి లేదు. మన రామచిలుక సంగతి వేరు. దాన్ని ఇంట్లో పెట్టుకోవడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, దానికి ఇంకా తన ఆకాశం ఉంది. బడ్జీకి తిరిగి వెళ్ళే చోటు లేకుండా మనిషి ఎప్పుడో చేసేశాడు. అలాంటిదాన్ని కిటికీలోంచి వదిలి స్వేచ్ఛ ఇచ్చాననుకోవడం, బాధ్యతని వదిలించుకుని దానికి మంచి పేరు పెట్టుకోవడమే. కాబట్టి వేరే దారులు నిజంగా లేనప్పుడు, ఆ లేమికి మన జాతే కారణమైనప్పుడు, మాత్రమే సంరక్షకత్వం ఒప్పుతుంది. దారులున్నా కనిపించకుండా చేసి, పక్షికి వాడే తర్కాన్ని మనుషులకి వాడడమే పితృస్వామ్యం ఇన్నాళ్ళూ చేసిన మోసం. పోలిక బావుంది కదా అని మనం కూడా ఆ తేడాని మర్చిపోకూడదు.

సంరక్షకత్వం బాకీ అయినప్పుడు దాన్ని తీర్చే పద్ధతి కూడా ఉండాలి. మా ఇంట్లో మొదటి నియమం దాని 'వద్దు'ని లెక్కపెట్టడం. కొన్ని రాత్రులు అది ఎనిమిదిన్నరకి రాదు. తొమ్మిదిన్నర దాకా రాడ్ మీదే ఉంటుంది. అప్పుడు ఫ్యాను తిరగదు, మేము చెమటలు కక్కుకుంటూ కూర్చుంటాం. ప్రమాదం మాదైనప్పుడు ఉక్కపోత కూడా మాదే కావాలి. నాన్‌స్టిక్ పెనాలు తీసేశాం. పంజరం మార్చి, రెక్కలు పూర్తిగా చాపి రెండు గెంతులు వెయ్యగలిగినంత పొడుగుది చేయించాం. ఇవి పెద్ద త్యాగాలేమీ కావు. తలుపు వేసేవాళ్ళ మీద కూడా కొంత భారం పడితేనే అది రక్షణ అనిపించుకుంటుంది.

రెండోది నిద్ర గురించి. 1999లో శాస్త్రజ్ఞులు బాతుల్ని వరసగా పడుకోబెట్టి గమనించారు. వరస మధ్యలో ఉన్న బాతులు రెండు కళ్ళూ మూసుకుని నిద్రపోయాయి. వరస చివరన ఉన్నవి ఎక్కువసేపు ఒక కన్ను తెరిచి, మెదడులో సగం మేలుకుని పడుకున్నాయి. తెరిచిన కన్ను గుంపు వైపు కాదు, ఖాళీగా ఉన్న వైపు. రాత్రి బస్సులో సగం కన్ను తెరిచి పడుకున్న ప్రతి ఆడదానికీ ఈ వరస తెలుసు. నాకు ఇందులో కనిపించేది ఏమిటంటే, గాఢనిద్ర ఇచ్చింది గోడలు కాదు, అటూ ఇటూ ఉన్న తోడు. నా పిట్ట విషయంలోనూ పనిచేసింది పంజరం తలుపు కాదు, దాని పక్కన మా గొంతులు. రొయ్యల కంపెనీ నుంచి తెల్లవారుజామున వచ్చే అమ్మాయికి కావాల్సింది కూడా ఇంకో గేటు కాదు. ఆ వేళకి వీధిలో ఇంకా పదిమంది ఆడవాళ్ళు, కంపెనీ బస్సు, వెలిగే దీపాలు, తలుపు తీసుకుని కూర్చున్న తల్లి. ఆ తల్లి 'సీకటడితే ఇంట్లో ఉండాలి' అన్న పాఠం చెప్పిన మనిషే. కూతురి రాత్రి మారితే తన పాఠాన్ని పక్కనపెట్టి, తలుపు వెయ్యడం మానేసి, తీసుకుని కూర్చుంది.

తోడు అన్నాక ఇంకో చిక్కు ఉంది. బడ్జీకి అసలైన తోడు ఇంకో బడ్జీ. మనుషుల గుంపు దానికి ఎప్పుడూ సగం గుంపే. కానీ దాని ఒంటరితనం తీర్చడానికి దుకాణానికి వెళ్ళి ఇంకోదాన్ని కొంటే, ఆ డబ్బుతో ఇంకో పదింటిని పంజరంలో పుట్టిస్తారు. ఒకరి బాగు కోసం ఆ వ్యవస్థనే పోషించడం. ఇల్లు కదిలిపోతూ వదిలేసేవాళ్ళు ఈ షిఫ్టుల ఊళ్ళో ఎప్పుడూ ఉంటారు కాబట్టి, కొనకుండా అలాంటి ఇంకో పిట్ట కోసం చెప్పి ఉంచాం. అది వచ్చేదాకా మేమే గుంపు.

ఆ గుంపులో ఉండడమూ ఒక బంధనమే. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సాయంత్రం సభ ఉంటే ఎనిమిదిన్నరకి ఇంట్లో ఉండాలని ఏడింటికే లేచి బస్సెక్కడం నా వల్ల కాదు. పంజరం తలుపు నా చేతిలో ఉన్నంత మాత్రాన నాకూ కర్ఫ్యూ పెట్టాలా? అందుకని వారంలో మూడు రాత్రులు ఆ పని మా ఆయనది. పగటి నిద్రకి ముప్ఫై ఏళ్ళు ఇంటిల్లిపాదినీ గుసగుసలాడించిన మనిషి ఇప్పుడు ఎనిమిదింటికి తనే టీవీ కట్టేసి, జీరో బల్బు వేసి, పిట్ట పక్కన కూర్చుని పేపరు చదివి వినిపిస్తాడు. సభ నుంచి నేను పదింటికి వచ్చేసరికి చీర కప్పి ఉంటుంది. నేను తొంగి చూడను. "పడుకుందా?" అని అడుగుతాను. కొన్నిసార్లు "ఆఁ" అంటాడు. కొన్నిసార్లు ఫ్యాను లేని గదిలో చెమటలు తుడుచుకుంటూ కర్టెన్ రాడ్ వైపు చూపిస్తాడు. అప్పుడు నేను కూడా చెప్పులు విప్పి పక్కన కూర్చుంటాను.